మొదట చెయ్యి వేసినవారిదే సగం పని

సంపాదకులకు,

నమస్కారం. మ్యూజియాల్లో, కాలేజీల జంతుశాస్త్ర విభాగాల్లో, పాత జమీందారీ బంగళాల్లో స్టఫ్ చేసిన జంతువు కనబడితే మనవాళ్లు రెండే మాటలు అంటారు. బాగుంటే "అచ్చం బతికున్నట్టే ఉంది". బాగాలేకపోతే "ఇదేంటి, దిండులా ఉబ్బిపోయింది". రెండో మాట వచ్చినప్పుడు నింద అంతా టాక్సిడెర్మిస్టు, అంటే చనిపోయిన జంతువు తోలును బొమ్మకు తొడిగి నిలబెట్టే పనివాడి నెత్తిన పడుతుంది. ఈ పని తెలిసినవారు మాత్రం ముందుగా ఒక ప్రశ్న అడుగుతారు: ప్రాణం పోయాక ఆ జంతువు మీద మొదట చెయ్యి వేసింది ఎవరు? ఒకప్పుడు అది వేటగాడు. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో ఇప్పటికీ వేటగాడే. మన దగ్గర అటవీశాఖ బీట్ ఆఫీసరు, జూ కీపరు, పశువైద్యుడు. ఆ తొలి నాలుగైదు గంటల్లో తోలు చెడితే, తర్వాత ఎంత పనివాడికి అప్పగించినా అది మళ్లీ బాగుపడదు. ఒక పక్క ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల, దానికి ఆనుకుని కంబాలకొండ అభయారణ్యం, ఇటు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరు విశాఖపట్నం కాబట్టి ఈ సంగతులు ఇక్కడివారికి పనికొస్తాయని రాస్తున్నాం.

చట్టం సంగతి ముందే చెప్పేస్తే మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అడవి జంతువు చచ్చి కనబడినా అది ప్రభుత్వ ఆస్తే. ఎవరి చేతికైనా దొరికితే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అధీకృత అధికారికో తెలియజేయాలి. రోడ్డు మీద పడి ఉన్న నెమలిని ఇంటికి తెచ్చి స్టఫ్ చేయిద్దామనుకునే వారికి ఈ ఉత్తరంలో దారి లేదు. పులి, చిరుత చనిపోతే పోస్టుమార్టం చేసి దహనం చేయడమే మామూలు. విద్యా అవసరాల కోసం నమూనాగా నిలపాలంటే అటవీశాఖ అనుమతితో, దాని పర్యవేక్షణలో జరగాలి. ముంబయి బోరివలిలోని సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో 2009 నుంచి టాక్సిడెర్మీ కేంద్రం పనిచేస్తోంది కాబట్టి మన దేశంలో ఇది కుదరని పని కాదు.

ఇక మంచిచెడ్డలు పట్టుకోవడం ఎలా? ఎదురుగా నిలబడి చూస్తే సగం లోపాలు కనబడవు. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి పక్కనుంచి వెలుతురు పడనివ్వండి. ఎత్తుపల్లాలు, ముడతలు, అతుకులు అన్నీ బయటికొస్తాయి. అమెరికాలో జరిగే టాక్సిడెర్మీ పోటీల్లో జడ్జీలు కూడా టార్చి పట్టుకునే తిరుగుతారు. ముక్కుపుటాల్లోకి, చెవి దొప్పల్లోకి తొంగిచూసి మార్కులు వేస్తారు.

కంటి దగ్గర మొదలుపెట్టాలి. గాజు కన్ను ఎక్కడిది, ఎంత ఖరీదు అన్నది తర్వాతి మాట. దాన్ని ఎలా కూర్చోబెట్టారన్నది చూడండి. మేకలకు, గొర్రెలకు, దుప్పులకు కనుపాప అడ్డంగా సాగి ఉంటుంది. మేక గడ్డి కోసం తల వంచినా, కొమ్మ అందుకోవడానికి మెడ ఎత్తినా ఆ అడ్డగీత దాదాపు నేలకు సమాంతరంగానే నిలుస్తుంది. కనుగుడ్డు కంటిగూట్లో ఆ మేరకు తిరుగుతుంది. నమ్మకం లేకపోతే వీధిలో మేకను కాసేపు గమనించండి. తల వంచి మేస్తున్నట్టు నిలిపిన దుప్పికి కనుపాప కూడా తలతోపాటు కిందికి వాలి ఉంటే, చేసినవారు కన్ను పెట్టారే గాని చూపు పెట్టలేదు. చిరుతకు పాప గుండ్రంగా ఉండాలి. నిలువు చీలిక పెంపుడు పిల్లికి. తర్వాత రెప్పలు. రెప్ప అంచుకూ గాజుకూ మధ్య సన్నటి సందు కనబడితే తోలు ఆరేటప్పుడు వెనక్కి లాగేసిందని అర్థం. రెప్ప తోలును లోపలివైపు పల్చగా గీయకపోయినా, కంటి చుట్టూ మట్టి చాలినంత పెట్టకపోయినా, ఆరేవరకు గుండుసూదులతో పట్టి ఉంచకపోయినా ఇలాగే అవుతుంది. దుప్పికి కంటి ముందు మూలలో ఒక గ్రంథి గుంట ఉంటుంది. దాన్ని లోతుగా లోపలికి మడిచి అతికించాలి. అక్కడ చదునుగా, గీత గీసినట్టు ఉంటే మిగతా మొహం ఎంత బాగున్నా నాసిరకం పని కిందే లెక్క.

చెవులు అబద్ధం చెప్పవు. లోపలి మృదులాస్థిని తీసేసి, దాని స్థానంలో ప్లాస్టిక్ దొప్పో పుట్టీయో పెట్టినవారి పనిలో చెవి అంచు పల్చగా, వంపు శుభ్రంగా ఉంటుంది. మృదులాస్థిని అలాగే వదిలేస్తే అది ఆరుతూ ముడుచుకుంటుంది, చెవి వేయించిన అప్పడంలా వంకర్లు పోతుంది. పాత నమూనాల్లో పదింటికి ఎన్ని చెవులు అప్పడాలో లెక్కపెట్టుకుంటూ పోతే మ్యూజియం సందర్శన సరదాగానే ఉంటుంది.

ముక్కు విషయంలో ఒక్కటే తప్పు అందరూ చేస్తారు: తడి కనబడాలని వార్నిష్ కుమ్మరించడం. బతికిన ముక్కు మీద తడి గింజలు గింజలుగా ఉంటుంది, పూత వేసిన కుర్చీ చేతిలా మెరవదు. పుటాలు లోపలికి చీకటిగా, మడత తిరిగి ఉండాలి. అర అంగుళం లోతులోనే నల్ల రంగు పూసిన గోడ తగిలిందంటే తోలు అక్కడితో ఆపేశారు.

నోరు తెరిచి గాండ్రించే చిరుతలంటే జనానికి మోజు. వేటగాళ్లు అడిగి మరీ చేయించుకున్న భంగిమ అది. నిజంగా కోపంతో పళ్లు చూపించే పిల్లి జాతి జంతువుకు ముక్కు మీద తోలు ముడతలు పడుతుంది, చెవులు వెనక్కి అణిగిపోతాయి, కళ్లు సన్నబడతాయి. నోరేమో గాండ్రిస్తూ, చెవులు నిక్కబొడుచుకుని, కళ్లు విప్పారి ఉంటే ఒకే మొహం మీద రెండు జంతువులున్నట్టు. నాలుక ఎర్ర పెయింటు వేసిన చెక్కలా నున్నగా ఉందేమో కూడా చూడండి. పిల్లి నాలుక మీద గరుకు ముళ్లుంటాయి. మూసిన నోరు చేయడం ఇంతకంటే కష్టం. పెదవుల అంచు సన్నటి గీతలా లోపలికి దూర్చి ఎక్కడా పగలకుండా ఆరనివ్వాలి. మా లెక్కలో మూసిన నోటి చిరుతను బాగా చేసినవాడే పెద్ద పనివాడు.

చుక్కల దుప్పి అయితే పని నాణ్యతను అదే చూపిస్తుంది. వెన్ను మీద నల్లటి చార, దానికి రెండువైపులా వెన్నుకు సమాంతరంగా చుక్కల వరసలు ఉంటాయి. భుజం దగ్గరో, పక్కటెముకల మీదో ఆ వరస ఉన్నట్టుండి వంకర తిరిగితే తోలును అక్కడ లాగి బిగించారు. అంటే లోపలి బొమ్మ తోలు కొలతకు సరిపోలేదు. ఒకప్పుడు గడ్డి, గుడ్డపీలికలు కూరేవారు. పొట్ట పీపాలా, కాళ్లు పైపుల్లా వచ్చేవి. "స్టఫింగ్" అనే మాట అక్కడినుంచే మిగిలింది. మైసూరులోని వాన్ ఇంగెన్ సంస్థ కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మల మీద పులి తోళ్లు బిగించి పేరు తెచ్చుకుంది. అమెరికాలో కార్ల్ ఏక్లీ ముందు కండరాలతో సహా శిల్పం చెక్కి, దాని అచ్చు తీసి, బోలు బొమ్మ మీద తోలు తొడిగే పద్ధతిని నిలబెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా పాలీయురెథేన్ ఫోమ్ బొమ్మలు. ఏ బొమ్మ అయినా కొలతల ప్రకారమే ఎంచుతారు, చెక్కుతారు. ఆ కొలతలు ఎవరు తీయాలి? బతికిన ఆకారం చెడకముందు దగ్గరున్న మనిషే తీయాలి. వేటగాడి పాత్ర ఇక్కడ మొదలవుతుంది.

ముక్కు కొస నుంచి కంటి ముందు మూల దాకా ఎంత, చెవుల వెనక మెడ చుట్టుకొలత ఎంత: తలను మౌంట్ చేసేవారు, అంటే తోలును బొమ్మ మీద బిగించి నిలిపేవారు, మొట్టమొదట అడిగే రెండు కొలతలు ఇవి. పూర్తి జంతువైతే వెన్ను మీదుగా ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు, ఛాతీ చుట్టుకొలత, భుజం ఎత్తు కూడా కావాలి. తోలు ఒలిచాక మెడ, ఛాతీ మళ్లీ కొలవాలి, ఎందుకంటే బొమ్మ తోలు కిందిది. దర్జీ టేపు, చిన్న నోటుబుక్కు చాలు. ఫోన్‌తో మొహాన్ని ముందునుంచి, రెండు పక్కలనుంచి, కన్ను, ముక్కు, నోటి లోపల దగ్గరగా ఫొటోలు తీయాలి. పక్షుల కాళ్ల రంగు, ముక్కు రంగు ఆరాక పాలిపోతాయి. తర్వాత రంగు వేసేవారికి ఆ ఫొటోలే ఆధారం. చేపలకైతే రంగులు చూస్తుండగానే మారిపోతాయి. హార్బర్‌లో పడవ దిగేసరికి కొమ్ముకోనాం ఒంటి నీలం సగం పోయి ఉంటుంది. అంత పెద్ద, నూనె పట్టిన చేపల తోలు నిలవదు కాబట్టి ప్రపంచమంతటా వాటికి ఫైబర్‌గ్లాస్ ప్రతిరూపమే చేస్తారు. దానికి కావాల్సిందల్లా పొడవు, చుట్టుకొలత, పడవ మీదే తీసిన నాలుగు మంచి ఫొటోలు.

కోత విషయంలో విదేశీ టాక్సిడెర్మిస్టులు వేటగాళ్లను ఎక్కువగా తిట్టుకునేది రెండింటికి. గొంతు కోయడం ఒకటి. మాంసం కోసం రక్తం పోవాలని కోస్తారు, మెడ ముందు భాగం పొట్టి వెంట్రుకల మీద ఆ కోత ఎంత కుట్టినా దాగదు. రెండోది తోలు పొట్టిగా కోయడం. భుజం దాకా మౌంట్ కావాలంటే కోత భుజం మీద కాదు, దాని వెనక పక్కటెముకల నడుమ చుట్టూ తిరగాలి. ఎక్కువైతే కత్తిరించుకోవచ్చు, తక్కువైతే తెచ్చి అతకలేం. అక్కడినుంచి వెన్ను మీదుగా తల వెనక దాకా ఒకే గీత, కొమ్ములున్నదైతే అక్కడ రెండుగా చీలి కొమ్ముల మొదళ్లకు పోవాలి. కత్తి మొన తోలు కిందనుంచి, పదును పైకి ఉండేలా నడిపిస్తే వెంట్రుకలు తెగవు. పైనుంచి కోస్తే కుట్టు పొడవునా మోడువారిన గీత మిగులుతుంది. మెడకు తాడు కట్టి ఈడ్చడం ఇంకో ఘోరం. రాళ్లమీద ఈడ్చిన పక్క వెంట్రుకలు అరిగిపోతాయి, ఆ పక్క గోడవైపు తిప్పడం తప్ప చేయగలిగింది ఉండదు. గోనెసంచో, టార్పాలినో వేసి నలుగురు మోయాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన శత్రువు, వేడి. విశాఖ వేసవిలో గాలి వేడికి తేమ తోడవుతుంది. పొట్ట, చంకలు, చెవులు, వేళ్ల సందుల్లో సూక్ష్మజీవులు ముందు పనిచేస్తాయి. పైపొర తోలు నుంచి విడిపోయి వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడివస్తాయి. పనివాళ్లు దీన్ని "స్లిప్" అంటారు. పొట్ట పచ్చబడిందా చూడండి. పొట్ట మీద, చెవి మీద నాలుగు వెంట్రుకలు పట్టి మెల్లగా లాగండి. పల్చటి పొరతో కలిసి చేతిలోకి వస్తే ఆ తోలు మౌంట్‌కు పనికిరాదు. ఏ మందూ వెనక్కి తేలేదు. వదిలేసి అస్థిపంజరం చేసుకోవడం మేలు. శీతాకాలంలో మన తీరానికి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో చాలావాటికి ఇదే సరైన దారి.

చల్లబరచడంలో కూడా మనదైన పొరపాటు ఒకటుంది. హార్బర్ దగ్గర నలగ్గొట్టిన ఐసు దొరుకుతుంది కదా అని కళేబరాన్ని అందులో పాతేస్తారు. కరిగిన నీళ్లు వెంట్రుకల్లోకి దిగి తోలును నానబెడతాయి, సూక్ష్మజీవులకు పండగ. నీళ్లు నింపి గడ్డకట్టించిన బాటిళ్లను గట్టిగా మూతలు బిగించి చంకల కింద, తొడల నడుమ, మెడ కింద పెట్టాలి. వెచ్చగా ఉన్న శరీరాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టడం కూడా అంతే హాని, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

తోలు ఒలిచాక దారులు రెండు. డీప్ ఫ్రీజర్ దగ్గరుంటే ఉప్పు వేయకుండా, తడి వైపు తడి వైపుకు ఆనేలా మడిచి, వీలైనంత పల్చగా పరిచి గడ్డకట్టించాలి. పెద్ద మూటలా చుడితే బయట గడ్డకట్టి నడుమ రెండు రోజులు వెచ్చగా ఉంటుంది. ఉప్పు వేసిన తోలు సరిగా గడ్డకట్టదు కాబట్టి రెండూ కలిపి చేయకూడదు. పక్షిని కడుపు కోయకుండా, నోట్లోనూ వెనక ద్వారంలోనూ దూది పెట్టి, రెక్కలు ముడిచి, పాత నైలాన్ మేజోడులో తల ముందుగా జారవిడిచి గడ్డకట్టించాలి. ఈకలు విరగవు.

ఫ్రీజర్ లేనప్పుడు ఉప్పు. ఉప్పుచేప పెట్టే ఆడవాళ్లకు ఇందులో కొత్తగా చెప్పేదేమీ లేదు. దళసరి చేపను చీల్చి గాట్లు పెట్టకుండా ఉప్పు వేస్తే వెన్ను దగ్గర కుళ్లుతుందని వాళ్లకు తెలుసు. తోలూ అంతే. మాంసం, కొవ్వు పూర్తిగా గీకాకే ఉప్పు వేయాలి, లేదంటే ఉప్పు కొవ్వు దగ్గరే ఆగిపోతుంది. పెదవులు, రెప్పలు, ముక్కు లోపలివైపు నుంచి రెండు పొరలుగా చీల్చి తెరవాలి, చెవులను చొక్కా చేతుల్లా లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పాలి. మెత్తటి ఉప్పు వాడాలి. కల్లుప్పు గడ్డలు తగిలిన చోటే పనిచేసి పక్కన వదిలేస్తాయి. పచ్చితోలు ఎన్ని కిలోలుంటే కనీసం అన్ని కిలోల ఉప్పు వేసి, చేతితో రుద్ది, నీరు కారిపోయేలా వాలుగా ఉన్న పలక మీద పెట్టాలి. 24 గంటల తర్వాత తడిసిన ఉప్పు దులిపేసి కొత్త ఉప్పు మళ్లీ అంతే వేయాలి. దులిపిన ఉప్పును పొదుపు పేరుతో తిరిగి వాడితే అందులోని సూక్ష్మజీవులనే మళ్లీ రుద్దినట్టు. తర్వాత నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైన అట్టకట్టి లోపల తేమ చిక్కుకుంటుంది.

ఆరిన తోలును మళ్లీ నానబెట్టి, ఆమ్లం కలిపిన ఉప్పునీటిలో పీహెచ్ (ఆమ్లగుణం కొలత) 2 చుట్టుపక్కల ఉంచి, పల్చగా గీసి, పదును చేసి, నూనె పట్టించడం టాక్సిడెర్మిస్టు పని. ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు గాని, సముద్రతీర నగరం కాబట్టి ఒకటి చెప్పాలి. పదును చేసేముందు ఉప్పును బాగా కడిగేయకపోతే అది తోలులోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. విశాఖలో వానాకాలమంతా అలాంటి రోజులే. "జింక చెమట పడుతోంది" అని వింతగా చెప్పుకునేది ఇదే. ఆ తడి మీద బూజు, తర్వాత ఇనప తీగల తుప్పు తోలు మీదికి మరకలుగా పైకి వస్తాయి. దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు ఏసీ గాలి నేరుగా తగిలేలా ఆరబెట్టడం. జిగురు పట్టకముందే తోలు బిగుసుకుని, మెడ గుంటల్లోంచి, కండరాల మధ్య నుంచి పైకి లేచి డోలు తోలులా నిలుస్తుంది. వేలితో కొడితే బోలు శబ్దం వస్తుంది. అయితే పాత నమూనాలను మాత్రం కొట్టి చూడకండి. వాటిలో చాలావాటికి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ సబ్బు పూశారు, 20వ శతాబ్దం ద్వితీయార్ధం దాకా ఈ వాడకం ఉంది. ఇళ్లల్లో తాతల నాటి పులితల ఉన్నవారు ఒట్టి చేతులతో దుమ్ము దులపకూడదు, పిల్లలను ముట్టనివ్వకూడదు. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

పశువైద్యులకు ఒక మనవి. పోస్టుమార్టంలో ఛాతీ కింద నుంచి తోక దాకా నడిమి కోత వల్ల పూర్తి మౌంట్‌కు నష్టం లేదు, ఆ కుట్టు పొట్ట కింద దాగుతుంది. మెదడు నమూనా కోసం నుదుటి మీద తోలుతో సహా రంపం పెట్టడమే కొంప ముంచుతుంది. తల తోలు ముందు ఒలిచి పక్కన పెట్టి, తర్వాత పుర్రె తెరిస్తే మీ నమూనా మీకు దక్కుతుంది, మొహం నిలుస్తుంది. అదనంగా అరగంట పడుతుంది. కాని ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతుంటే కత్తి అసలు బయటికి తీయకూడదు. అది ఆంత్రాక్స్ కావచ్చు. మన ఏజెన్సీ ప్రాంతంలో ఆ జబ్బు మనుషులకు సోకిన దాఖలాలు ఉన్నాయి. మూకుమ్మడిగా చచ్చిన పక్షుల దగ్గరా అదే జాగ్రత్త.

అటవీ రేంజి కార్యాలయంలో, జూ ఆసుపత్రిలో ఒక్కో పెట్టె సిద్ధంగా ఉంచమని అధికారులను కోరుతున్నాం. 20 కిలోల మెత్తటి ఉప్పు, దర్జీ టేపు, 22 నంబరు బ్లేడ్లతో రెండు స్కాల్పెళ్లు, దళసరి గ్లవ్స్, మాస్కులు, నూలు గుడ్డలు, తడిసినా చెరగని పెన్సిలు, కట్టుకునే చీటీలు అందులో ఉండాలి. పక్కనే పైమూత డీప్ ఫ్రీజర్, అందులో ఎప్పుడూ గడ్డకట్టి ఉండే పది నీళ్ల బాటిళ్లు. చీటీ మీద జాతి, ఆడా మగా, దొరికిన చోటు, తేదీ, చనిపోయిందని తెలిసిన వేళ, ఫ్రీజర్‌లో పెట్టిన వేళ రాయాలి. ఆ రెండు వేళల మధ్య తేడా ఎంతో చూస్తే చాలు, తోలు విప్పకముందే టాక్సిడెర్మిస్టు ఒప్పుకోవాలో వద్దో చెప్పేస్తాడు.

— జంతు నమూనాల తయారీ, సంరక్షణ పని తెలిసిన ఇద్దరు పాఠకులు,
పెదవాల్తేరు, విశాఖపట్నం